పెట్టెలో మిగిలిన గొంతు

2019లో రమజాన్ ఉపవాసాలు మే 7న మొదలయ్యాయి. ఆ ఏడాది చిత్తూరులోని ఒక స్థానిక కేబుల్ ఛానెల్ వారు ఇఫ్తార్‌కు ముందు రోజుకు ఇరవై నిమిషాల కార్యక్రమం ప్రసారం చేయాలనుకొని, మాట్లాడవలసిందిగా మా అబ్బాజాన్‌ను కోరారు. ఆయన ఉర్దూ పాఠశాలలో ముప్పై మూడేళ్లు పనిచేసి పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయుడు. మా ఇంటి భాష దక్కనీ ఉర్దూ. అయినప్పటికీ కార్యక్రమం తెలుగులోనే చేస్తానన్నారు. "మన పక్కింటివాళ్లకు అర్థం కాని మంచిమాట మన వీధిలో చెప్పి ఏం ప్రయోజనం?" అన్నది ఆయన వాదన. ప్రతి రాత్రీ తరావీహ్ నుంచి వచ్చాక ఒక నోటుబుక్కులో మరునాటి మాటలు రాసుకొనేవారు. తెలుగు ఒత్తుల విషయంలో అనుమానం వస్తే నాకు ఫోన్ చేసి అడిగేవారు.

నేను పెళ్లయి తిరుపతికి వచ్చి స్థిరపడ్డాను. ఇక్కడ ఒక పాఠశాలలో గణితం బోధిస్తాను. చిత్తూరు స్థానిక ఛానెల్ తిరుపతికి రాదు. అందుకని అబ్బాజాన్ మా తమ్ముడి చేత సెట్‌టాప్ బాక్సుకు 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టించి, రోజూ ఆ సమయానికి దానంతట అదే రికార్డు అయ్యేలా ఏర్పాటు చేయించారు. "నీ కోసమే చేయిస్తున్నాను బేటీ, పండుగకు వచ్చినప్పుడు తీరిగ్గా చూడు" అన్నారు. ఆ ఏడాది 29 ఉపవాసాలే వచ్చాయి. 29 భాగాలు ఆ పెన్‌డ్రైవ్‌లో చేరాయి.

పండుగకు వెళ్లాను. సేమియా, బిర్యానీ, వచ్చిపోయే బంధువులతో రెండు రోజులు గడిచిపోయాయి. బయలుదేరేటప్పుడు అబ్బాజాన్ అడిగారు: "చూశావా?" "రికార్డు అయి ఉంది కదా అబ్బా, ఎక్కడికి పోతుంది? సెలవులకు వచ్చి చూస్తాను" అన్నాను. "కనీసం పదిహేడోది చూడు. అందులో నీ సంగతి ఉంది" అని నవ్వారు. ఆ తర్వాత చాలాసార్లు చిత్తూరు వెళ్లాను. ఒక్కసారీ చూడలేదు. 2021 వేసవిలో, జనం గుమికూడరాదన్న ఆంక్షల రోజుల్లో, అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

ఆయన పోయాక ఆ కార్యక్రమాన్ని చూసినది అమ్మీ ఒక్కరే. ఇషా నమాజు తర్వాత రోజుకు ఒక భాగం చొప్పున పెట్టుకొనేవారు. 29 అయిపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలు. నాకు మాత్రం చూసే ధైర్యం రాలేదు. బతికి ఉండగా వినని దాన్ని పోయాక వినడానికి ఏ ముఖంతో కూర్చోవాలి?

2023 డిసెంబరులో తమ్ముడు ఫోన్ చేశాడు. కేబుల్ ఆపరేటర్ పాత బాక్సులు తీసుకొని కొత్తవి ఇస్తున్నాడట. నెలాఖరులోగా పాతది అప్పగించాలట. "పెన్‌డ్రైవ్ మనదే కదా ఆపా, బాక్సు పోతే ఏముంది?" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. పెన్‌డ్రైవ్ తిరుపతికి తెప్పించి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంటే పదిహేను నిమిషాల పని అని లెక్క వేశాను.

పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరమీద ఒక సందేశం వచ్చింది: ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి వేలు అప్పటికే మౌస్ మీద ఉంది. "ఆగు" అన్నాను. ఫార్మాట్ అంటే పలకను తుడిచి కొత్తగా గీతలు గీయడం లాంటిదని నాకు తెలుసు. ఆ ఒక్క నొక్కుతో అబ్బాజాన్ 29 రోజుల మాట చెరిగిపోయేది. మీ ఇళ్లలో ఇలాంటి పెన్‌డ్రైవ్ ఉంటే ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి: కంప్యూటర్ అడిగినంత మాత్రాన 'సరే' అనకూడదు. చాలా సెట్‌టాప్ బాక్సులు పెన్‌డ్రైవ్‌ను తమకు అనువైన పద్ధతిలో అమర్చుకుంటాయి. విండోస్‌కు ఆ అమరిక అర్థం కానప్పుడు లోపల ఏమీ లేదనుకొని ఆ ప్రశ్న అడుగుతుంది.

మా అబ్బాయి స్నేహితుడి అన్నయ్య ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అతని లినక్స్ కంప్యూటర్‌లో పెడితే ఫైళ్లు కనిపించాయి. లెక్కకు 29 ఉన్నాయి. ప్రాణం లేచివచ్చింది. కానీ ఏది తెరిచినా బొమ్మ లేదు, శబ్దం లేదు. బజారులో టీవీలు, కంప్యూటర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకువెళితే ఆయన అసలు సంగతి చెప్పారు. ఒకప్పుడు కేబుల్ తీగ నేరుగా టీవీలోకి వచ్చేది. ఎవరైనా వీసీఆర్ తగిలించి క్యాసెట్ మీద ఎక్కించుకోగలిగేవారు. తర్వాత దేశమంతా దశలవారీగా డిజిటల్ కేబుల్ వచ్చింది. మన వంటి పట్టణాలు మూడో దశలో ఉన్నాయి. ఆ దశకు గడువు వాయిదాలు పడుతూ చివరికి 2017 జనవరి 31 వరకు సాగింది. అప్పటి నుంచి సంకేతం తాళం వేసి వస్తుంది. ఆ తాళం తీసేది సెట్‌టాప్ బాక్సు. మనం రికార్డు చేసుకున్నప్పుడు అదే బాక్సు తనదైన మరో తాళం వేసి పెన్‌డ్రైవ్‌లో దాస్తుంది. ఆ తాళంచెవి బాక్సు లోపలి చిప్‌లోనే ఉంటుంది. "కొత్త బాక్సుకు పెట్టినా ఆడదమ్మా. ఇదే రకం ఇంకొకటి తెచ్చి పెట్టినా ఆడదు. మీ నాన్నగారి మాట వినిపించగలిగేది ఈ లోకంలో ఆ ఒక్క పెట్టే" అన్నారు.

తమ్ముడు ఆ ఛానెల్ కార్యాలయానికి వెళ్లి అసలు ప్రతి ఉందేమోనని అడిగాడు. పాత డిస్కుల మీదే కొత్త కార్యక్రమాలు ఎక్కించడంతో అది ఎప్పుడో చెరిగిపోయిందని చెప్పారు. వారిని నిందించలేను. లోకంలో పేరున్న సంస్థలే ఆ పని చేశాయి. బ్రిటన్‌లో బీబీసీ 1960, 70 దశకాలలో చోటుకోసం, ఖర్చు తగ్గించడం కోసం ఎన్నో టేపులను తుడిచివేసింది. 'డాక్టర్ హూ' అనే ప్రఖ్యాత ధారావాహికలో దాదాపు వంద భాగాల దృశ్యం అలా కనుమరుగైంది. అయితే వాటి శబ్దం మాత్రం పూర్తిగా మిగిలింది. అప్పటి ప్రేక్షకులు కొందరు తమ ఇళ్లలో టేప్‌రికార్డర్లు టీవీ దగ్గర పెట్టి రికార్డు చేసుకోవడమే అందుకు కారణం. సంస్థ పోగొట్టుకున్నదాన్ని ఇళ్లు కాపాడాయి. మా విషయంలోనూ మిగిలింది ఇల్లే.

"తాళం విప్పే సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి అమ్మీ, వెతకనా?" అన్నాడు మా అబ్బాయి. వద్దన్నాను. తాత మాట దాచుకోవడానికి ఒకరి తాళం పగలగొట్టడం ఆ మాటకే తగదనిపించింది. పైగా అందులో ఉన్నది అమానత్ గురించి, తూనికలలో నిజాయితీ గురించి చెప్పిన మాట. సొంత, వ్యక్తిగత వినియోగానికి న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘనగా లెక్కించదు. అయినా ఛానెల్ యజమానికి ఒక ఉత్తరం రాసి, కుటుంబంలో ఉంచుకోవడానికి మాత్రమే నకలు తీసుకుంటామని చెప్పి అంగీకారం తీసుకున్నాం.

దారి ఆ పెద్దాయనే చూపించారు. బాక్సు టీవీకి బొమ్మను పంపేటప్పుడు తాళం తానే తీసి పంపుతుంది. ఆ బయటికి వచ్చే బొమ్మను పట్టుకోవాలి. హెచ్‌డీఎంఐ తీగలో మళ్లీ రక్షణ ఉంటుంది కనుక కంప్యూటర్‌లో నల్లని తెరే కనిపించింది. బాక్సు వెనుక పాతకాలపు పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు ఉన్నాయి. పసుపు బొమ్మకు, మిగతా రెండూ శబ్దానికి. ఆ మూడు తీగలను వేలెడంత క్యాప్చర్ పరికరానికి తగిలించి, దాన్ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి పెట్టాలి. బాక్సులో కార్యక్రమం ఆడిస్తూ ఉంటే ల్యాప్‌టాప్ దాన్ని కొత్త ఫైలుగా రాసుకుంటుంది. బొమ్మ కొంత మసకగా ఉంటుంది. గొంతు మాత్రం స్పష్టంగా వస్తుంది.

ఒకే ఒక్క చిక్కు. ఇది ఫైలు నకలు తీయడం కాదు, ఆడుతున్నదాన్ని పట్టుకోవడం. ఇరవై నిమిషాల భాగానికి ఇరవై నిమిషాలూ పడుతుంది. మొత్తం దాదాపు తొమ్మిదిన్నర గంటలు. పదిహేను నిమిషాల పని అని నేను వేసిన లెక్క అలా తేలింది.

బాక్సును తిరుపతికి పంపమంటే అమ్మీ ఒప్పుకోలేదు. "రాత్రి ఇషా తర్వాత నేనేం చూడాలి?" అన్నారు. తమ్ముడు ఆపరేటర్‌ను బతిమాలి సంక్రాంతి దాకా గడువు తెచ్చాడు. బడి సెలవులు ఇవ్వగానే నేనూ, మా అబ్బాయీ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొని చిత్తూరు బస్సు ఎక్కాం. డెబ్బై కిలోమీటర్ల దారి. చంద్రగిరి దాటి, పూతలపట్టు దాటి వెళ్తున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన: యంత్రం దాని పని అది చేసుకుంటుంది, నేను వంటింట్లో అమ్మీకి సాయం చేసుకోవచ్చు.

మొదటి రోజు అలాగే చేశాను. రికార్డింగు మొదలుపెట్టి వంటింట్లోకి వెళ్లాను. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే బొమ్మ ఉంది, మాట లేదు. తెల్ల, ఎరుపు తీగలు వదులై ఊడిపోయాయి. పెదవులు కదుపుతున్న అబ్బాజాన్‌ను చూస్తూ నిలబడిపోయాను. ఇక తప్పదని అర్థమైంది. ఎవరో ఒకరు మొదటి నుంచి చివరి వరకు కూర్చొని చూడాలి, వినాలి. బాక్సు వేడెక్కుతుంది కనుక రోజుకు మూడు భాగాలు చొప్పున పది రోజులు పెట్టుకున్నాం. రెండు పగలు, ఒకటి ఇషా తర్వాత అమ్మీ సమయానికి.

తమ్ముడు ఒక నోటుబుక్కు తెచ్చాడు. ఏ భాగం, ఏ తేదీన నకలు తీశాం, శబ్దం సరిగా ఉందా అని రాసుకోవడానికి. దాన్ని చూడగానే అబ్బాజాన్ చెప్పే ఒక సంగతి గుర్తొచ్చింది. పూర్వం హదీసు గ్రంథాలను నకలు తీసుకున్నవారు, రాసినంత మాత్రాన పని పూర్తయిందని భావించేవారు కారు. గురువు సమక్షంలో దాన్ని చదివి, అసలు ప్రతితో సరిచూసుకొనేవారు. దీన్ని ముఖాబలా అనేవారు. తప్పు కనిపిస్తే అంచున దిద్దేవారు. ఆ పఠనానికి హాజరై విన్నవారి పేర్లను అదే గ్రంథంలో నమోదు చేసేవారు. 12, 13 శతాబ్దాల డమాస్కస్‌లో రాసిన ఇలాంటి నమోదులు ఎన్నో నేటికీ మిగిలి ఉన్నాయి. వాటిలో స్త్రీల పేర్లు ఉన్నాయి, పిల్లల పేర్లు ఉన్నాయి. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరికి మధ్యలో కునుకు పట్టిందో కూడా కొన్నింటిలో రాశారు. మా పని వారి మహత్తర కృషితో పోల్చదగినది కాదు. అయినా ఆ పద్ధతి మాకు నచ్చింది. ప్రతి భాగం పక్కన విన్నవారి పేర్లు రాయడం మొదలుపెట్టాం. ఆరో భాగంలో మా అబ్బాయి నిద్రపోయాడు, అదీ రాశాం.

అలా విన్నాను. నాలుగున్నరేళ్లుగా వాయిదా వేసింది విన్నాను. అబ్బాజాన్ తెలుగు నేను అనుకున్నదానికంటే బాగుంది. నేను ఫోనులో చెప్పిన ఒత్తులన్నీ సరిగ్గా పలికారు. ఒక్క మాటలో మాత్రం, నేను చెప్పిందే తప్పు. ఆ తప్పును నమ్మకంగా పలికారు. తొమ్మిదో భాగంలో చిత్తూరు బెల్లం మండీ గురించి, అక్కడ తక్కెడ ముల్లు నిలిచేదాకా చేయి తీయని ఒక వ్యాపారి గురించి చెప్పారు. ఆ వ్యాపారి మా పక్కింటాయన. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్యను, మేము పెద్దమ్మ అని పిలిచే ఆవిడను, పిలుచుకువచ్చి మళ్లీ వేసి చూపించాం. ఆవిడ ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు తుడుచుకొని, "ఇంకొకసారి వేయి నాయనా" అని మా అబ్బాయిని అడిగారు. నోటుబుక్కులో ఆవిడ పేరు రెండుసార్లు ఉంది. పదకొండో భాగం నాలుగు నిమిషాలే ఉంది. ఆ సాయంత్రం గాలివానకు కరెంటు పోయిందట.

పదిహేడో భాగం ఆరో రోజు రాత్రి వచ్చింది. అమ్మీ, తమ్ముడు, నేను, మా అబ్బాయి కూర్చున్నాం. విషయం అమానత్. పన్నెండో నిమిషంలో అబ్బాజాన్ ఇలా చెప్పారు: మా అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా చక్కెర తెమ్మని దుకాణానికి పంపాం. 50 రూపాయల నోటు ఇస్తే దుకాణదారు 100 అనుకొని చిల్లర ఇచ్చాడు. ఇంటికి వచ్చి లెక్కపెట్టిన ఆ పసిపిల్ల, ఎవరూ చెప్పకుండానే, మిట్టమధ్యాహ్నం ఎండలో మళ్లీ వెళ్లి 50 రూపాయలు తిరిగి ఇచ్చి వచ్చింది. ఆ రోజు నేను నా బిడ్డ దగ్గర పాఠం నేర్చుకున్నాను.

మా అబ్బాయి నావైపు మెచ్చుకోలుగా చూశాడు. నాకు మాట రాలేదు. ఎందుకంటే ఆ డబ్బు తిరిగి ఇచ్చింది నేను కాదు. నాకు కంపాస్ పెట్టె కొనుక్కోవాలని ఉండేది. ఆ 50 రూపాయలు పుస్తకంలో దాచాను. మూడో తరగతి చదువుతున్న మా తమ్ముడు చూశాడు. "ఇది వాళ్లది కదా ఆపా" అని నా చేతిలోంచి లాక్కొని ఒక్కడే పరుగెత్తాడు. నేను గడప దగ్గరే నిలబడ్డాను. సాయంత్రం దుకాణదారు అబ్బాజాన్‌తో 'మీ పిల్ల ఎంత మంచిది' అన్నాడట. చక్కెర కొన్నది నేను గనుక పేరు నాకే వచ్చింది. అబ్బాజాన్ నా తల నిమిరారు. నేను ఊరుకున్నాను. ఎక్కువ వచ్చిన చిల్లరను తమ్ముడు తిరిగి ఇచ్చాడు. ఎక్కువ వచ్చిన మెచ్చుకోలును నేను ముప్పై ఏళ్లు దగ్గర పెట్టుకున్నాను.

భాగం అయిపోయేదాకా రికార్డింగు ఆపలేం కనుక మిగిలిన ఎనిమిది నిమిషాలూ అందరం మౌనంగా విన్నాం. తర్వాత మా అబ్బాయి ముందే చెప్పాను. తమ్ముడు తల దించుకొని, "పోనీలే ఆపా, అబ్బా ఎంత సంతోషంగా చెప్పారో చూడు" అన్నాడు. అమ్మీ మాత్రం నెమ్మదిగా అన్నారు: "నాకు తెలుసు. ఆ రోజు ఎండలోంచి చెమటతో వచ్చింది వాడే." "మరి అబ్బాకు చెప్పలేదా?" అన్నాను. "నువ్వే చెబుతావని ఊరుకున్నాను."

2019లో పండుగ రోజున ఇరవై నిమిషాలు కూర్చొని ఆ భాగం చూసి ఉంటే, ఆయన పక్కనే ఉండేవారు. నేను చెప్పగలిగేదాన్ని. ఆయన కోప్పడేవారో, నవ్వేవారో, మరునాడు ఛానెల్‌కు వెళ్లి దిద్దుకుంటానని పట్టుబట్టేవారో తెలియదు. సవరణ మాత్రం జరిగేది. గురువు ఎదుట చదివి సరిచూసుకోవాలని పెద్దలు ఎందుకు నియమం పెట్టుకున్నారో నాకు ఆ రాత్రి అర్థమైంది. యంత్రం గొంతును దాచగలదు. తప్పును కూడా అంతే శ్రద్ధగా దాస్తుంది. దిద్దగలిగిన మనిషి ఎదుట ఉండగా వినడం అనే పని మనమే చేయాలి.

నోటుబుక్కులో పదిహేడో భాగం పక్కన, అంచున, నా చేతితో రాశాను: "పన్నెండో నిమిషంలో చెప్పిన పిల్ల నేను కాదు. అది మా తమ్ముడు. ఈ సంగతి మా నాన్నకు నేను చెప్పలేదు." కింద సంతకం చేశాను. మా అబ్బాయి ఆ పేజీని ఫోటో తీసి ఆ ఫైలు పక్కనే భద్రపరిచాడు.

పాత బాక్సు ఆపరేటర్‌కు అప్పగించాం. 29 భాగాలూ ఇప్పుడు మామూలు వీడియో ఫైళ్లు. ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ టీవీలోనైనా ఆడతాయి. ఒక ప్రతి నా ల్యాప్‌టాప్‌లో, ఒకటి తమ్ముడి దగ్గర విడి హార్డ్‌డిస్కులో, ఒకటి అమ్మీ టీవీకి పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. మూడూ ఒకే ఇంట్లో ఉంచలేదు. మీ ఇంట్లో పెద్దల మాటలో, పెళ్లి దృశ్యమో సెట్‌టాప్ బాక్సులో మిగిలి ఉంటే, బాక్సు పనిచేస్తుండగానే బయటకు తీయండి. బాక్సు మారాక పెన్‌డ్రైవ్ ఉన్నా లేనట్లే. తీసేటప్పుడు మాత్రం యంత్రానికి వదిలేసి వెళ్లకండి, పక్కన కూర్చోండి. ఆ మాటలు చెప్పినవారు ఇంకా ఇంట్లోనే ఉంటే, వారిని కూడా కూర్చోబెట్టుకోండి.

ఇప్పుడు ఆదివారాలలో అమ్మీ పాత సంగతులు చెబుతుంటే నేను ఫోనులో రికార్డు పెట్టడం మానలేదు. కానీ మధ్యమధ్యలో అడ్డు తగులుతున్నాను. "అది ఏ సంవత్సరం అమ్మీ? అప్పుడు అక్కడ ఎవరున్నారు?" అని అడుగుతున్నాను. అమ్మీ విసుక్కుంటారు, ఆలోచిస్తారు, ఒక్కోసారి చెప్పింది తామే దిద్దుకుంటారు. అల్లాహ్ మా అబ్బాజాన్‌ను మన్నించుగాక! నేను తిరిగి ఇవ్వవలసినది ఆలస్యంగానైనా తిరిగి ఇచ్చినట్లు స్వీకరించుగాక!